కోళ్ళ గూటి కంపుకు కారణం కోడి కాదు, తడి

తెల్లవారుజామున మీరు పెరట్లోకి వెళ్ళి కోళ్ళ గూటి తలుపు తీస్తారు. అప్పుడు మీ ముక్కుకు ఏమి తగులుతున్నది? ఎండు ఊక వాసన, కొద్దిగా కోడి వాసన తగిలితే మీ గూడు బాగున్నట్లే. అలా కాక ముక్కు పగిలేటంత ఘాటు వచ్చి కళ్ళు మండితే ఆ గూటిలో ఏదో లోపమున్నది. "కోళ్ళన్నాక కంపు ఉండదా?" అని చాలామంది సరిపెట్టుకుంటారు. ఆ మాట నిజం కాదు. పది కోళ్ళున్నా, ముప్పై కోళ్ళున్నా, పక్క ఇంటివారికి కోళ్ళున్నవన్న సంగతి కూతల వలన తెలియవలెను గాని కంపు వలన తెలియరాదు. ఇందుకు పెద్ద ఖర్చు కూడా అక్కరలేదు.

కోళ్ళను గురించి వ్యవసాయాధికారి వ్రాయడమేమిటని మీకు తోచవచ్చును. పొలానికి వేయవలసిన నత్రజనియే గూటిలో నుండి గాలిలో కలిసిపోతూ మనకు కంపుగా తెలుస్తున్నది. కనుక ఈ విషయం కోళ్ళకు ఎంత సంబంధించినదో ఎరువుకు అంత సంబంధించినది.

ఒక పంచాయతీ తగవు

రెండేళ్ళ క్రితం శ్రావణ మాసంలో గోదావరి డెల్టాలోని ఒక గ్రామానికి వరి పొలాలు చూడడానికి వెళ్ళాను. అక్కడి పంచాయతీ కార్యదర్శి నన్ను ఆపి, "ఒక్క పది నిమిషాలు రండి. కోళ్ళ తగవు వచ్చింది. వారంలోగా గూడు తీసివేయమని ఈ సాయంత్రం చెప్పబోతున్నాము. మీరు కూడా ఒకసారి చూస్తే మంచిది" అన్నారు.

ఆ ఇంటి ఇల్లాలు 28 కోళ్ళను పెంచుతున్నది. అందులో 20 వనరాజా పెట్టలు, మిగిలినవి నాటు కోళ్ళు. గ్రుడ్లు అమ్మగా వచ్చిన డబ్బుతోనే కూతురి కాలేజీ బస్సు ఖర్చు గడుస్తున్నది. గూటికి ఎనిమిది అడుగుల దూరంలో పక్క ఇంటి వంటింటి కిటికీ ఉన్నది.

నేను వెళ్ళేసరికి ఆమె కళ్ళనీళ్ళ పర్యంతమై ఉన్నది. "నా మీద పంతం పట్టి తియ్యమంటున్నారండీ. ఊళ్ళో నా అంత శుభ్రంగా కోళ్ళను చూసేవాళ్ళు ఎవరున్నారో మీరే చెప్పండి. రోజూ పొద్దున్నే రెండు బిందెల నీళ్ళు పోసి కడుగుతున్నాను. ఫినాయిలు వేస్తున్నాను. ఇంకేం చేయమంటారు?" అన్నది.

పక్క ఇంటి పెద్దాయన కూడా మంచివారే. "ఆ అమ్మాయంటే నాకు పంతమేమిటండీ? మా ఇంటిదానికి ఆయాసం. వాన పడిందంటే వంటింట్లో నిలబడలేకపోతున్నది. ఆ కిటికీ తీసి నెల దాటింది" అన్నారు.

ఇద్దరి మాటా నిజమే. గూడు రోజూ కడిగినందువల్ల నేల మీద ఒక్క రెట్ట కూడా లేదు. అయినా లోపలికి తల పెట్టిన వెంటనే నా కళ్ళు మండినవి. ఊరిలో అందరికన్నా శుభ్రంగా కడిగే గూడే అందరి గూళ్ళకన్నా ఎక్కువ కంపు కొడుతున్నది! దీనికి కారణం తెలుసుకుంటే మీ గూటి సంగతి కూడా మీకే తెలిసిపోతుంది.

కంపు ఎలా పుడుతుంది?

కోడికి ఆవుకు వలె వేరుగా మూత్రం లేదు. మూత్రంలో పోవలసిన పదార్థం రెట్ట మీదనే తెల్లని సున్నం వలె అంటుకొని వస్తుంది. అది యూరిక్ ఆమ్లము. పొడిగా ఉన్నంతకాలం అది పడిన చోటనే మెదలకుండా ఉంటుంది. తడి, వెచ్చదనం రెండూ దొరికితే కంటికి కనబడని సూక్ష్మజీవులు దానిని విరిచి అమ్మోనియా వాయువుగా మారుస్తాయి. ముక్కుకు తగిలే ఘాటు, కళ్ళ మంట ఈ అమ్మోనియా వల్లనే. తడి మరీ ఎక్కువై గాలి చొరని బురదగా మారితే వేరొక జాతి సూక్ష్మజీవులు పనిలోకి దిగుతాయి. అప్పుడు కుళ్ళిన గ్రుడ్ల కంపు వస్తుంది.

తడి ఎక్కడి నుండి వస్తుంది? మొదటిది రెట్ట నుండే. అప్పుడే వేసిన రెట్టలో నాలుగింట మూడు పాళ్ళు నీరే. పెరిగిన కోడి ఒకటి రోజుకు సుమారు 100 గ్రాముల రెట్ట వేస్తుంది. పగలు బయట తిరిగే కోళ్ళు అందులో సగం మాత్రమే గూటిలో వేస్తాయనుకున్నా, 28 కోళ్ళకు రాత్రికి 1,400 గ్రాములు. అందులో నీరు లీటరుకు పైగా ఉంటుంది. ఆ నీటినంతా ప్రతిరోజూ ఆరబెట్టుకోగలిగితేనే గూడు కంపు కొట్టదు. ఆరబెట్టడానికి బదులు మన ఇల్లాలు రోజూ ఇంకో రెండు బిందెలు పోస్తున్నది. పైగా కడిగిన తరువాత కోళ్ళు మళ్ళీ లోపలికి వచ్చి పాడుచేస్తాయని తలుపు వేసేస్తున్నది! సిమెంటు నేల, గోడల పగుళ్ళు, మూలలు తడిసి ఉంటాయి. పగుళ్ళలో చేరిన రెట్ట నాని నాని సాయంత్రానికి ఘాటెక్కుతుంది.

ఆ గూటిలోని మిగిలిన లోపాలు కూడా చూడండి. గూడు 4 అడుగుల వెడల్పు, 5 అడుగుల పొడవు. అనగా 20 చదరపు అడుగులు. 28 కోళ్ళకు ఇది చాలదు. బావురుపిల్లి భయం చేత నాలుగు వైపులా ఇటుక గోడ కట్టి, ఒక్క చేయి పట్టేటంత కంత మాత్రం ఉంచారు. కప్పు రేకు చూరు గోడను దాటి ముందుకు రాలేదు. వాన నీరంతా గోడ మొదట్లో పడి లోపలికి ఊరుతున్నది. ఒక మూల నీళ్ళ మూకుడు ఉన్నది. కోళ్ళు రోజూ దానిని తన్నేస్తున్నవి.

కోళ్ళకూ హాని

కంపు వలన నష్టం పొరుగువారికి మాత్రమే అనుకోవద్దు. ఇరవై నాలుగు గంటలలో సగం సేపు ఆ గాలిని పీల్చేది కోళ్ళు. వాటి ముక్కులు నేలకు జానెడు ఎత్తులో ఉంటాయి. అమ్మోనియా పుట్టేది కూడా అక్కడే. గూటి గాలిలో పది లక్షల పాళ్ళకు 25 పాళ్ళకు మించి ఈ వాయువు ఉండరాదని నిపుణులు చెబుతారు. మించితే కోళ్ళ కళ్ళు ఎర్రబడి నీరు కారుతాయి. గొంతులో దుమ్మును, క్రిములను బయటకు నెట్టే సన్నని పొర దెబ్బతింటుంది. అప్పుడు కొక్కెర మొదలైన రోగాలు సులువుగా పట్టుకుంటాయి. మేత తినడం, గ్రుడ్లు పెట్టడం తగ్గుతాయి. తడి నేలలో రక్తపారుడు రోగపు క్రిములు కూడా బాగా పెరిగి పిల్లలను చంపుతాయి.

దీనిని కొలవడానికి పరికరం అక్కరలేదు. తెల్లవారుజామున తలుపు తీసిన వెంటనే గూటి ముందు కూర్చొని, తల కోడి ఎత్తుకు వంచి గాలి పీల్చండి. కళ్ళు మండితే హద్దు దాటినట్లే. అయితే ఒక హెచ్చరిక. రోజూ ఆ గాలిలో తిరిగేవారి ముక్కు దానికి అలవాటుపడి పసిగట్టడం మానేస్తుంది. మన ఇల్లాలికి తన గూడు కంపు కొడుతున్నదని నిజంగానే తెలియదు. కనుక వారానికొకసారి బయటి మనిషిని అడిగి తెలుసుకోవలెను.

కడగవద్దు, ఊక పరచండి

మొదటి మాట: గూటిని రోజూ నీళ్ళతో కడగడం మానివేయండి. కోళ్ళ తరం మారినప్పుడు, లేదా రోగం వచ్చి పోయినప్పుడు గూటిని ఖాళీ చేసి, కడిగి, రెండు మూడు రోజులు బాగా ఎండనిచ్చిన తరువాతనే కోళ్ళను మళ్ళీ పెట్టవలెను. మిగిలిన రోజులలో గూటిలోనికి నీటి చుక్క పోరాదు.

నేల మీద పొడి పరుపు వేయండి. వరి పండే చోట ఊక, వేరుశనగ పండే చోట కాయల పొట్టు, కోతమిల్లు దగ్గర రంపపు పొట్టు, చెరకు ప్రాంతంలో ఎండిన పిప్పి, ఏది దొరికితే అది వాడవచ్చును. ఊక నీటిని ఎక్కువగా పీల్చుకోదు గాని త్వరగా ఆరిపోతుంది. రంపపు పొట్టు ఎక్కువ పీల్చుకుంటుంది. రెండూ కలిపితే మరీ మంచిది. ఏదైనా బూజు పట్టనిది, బాగా ఎండినది అయి ఉండవలెను. ముఖ్యముగా వేరుశనగ పొట్టు తడిస్తే బూజు పట్టి కోళ్ళకు విషమవుతుంది.

మొదట 3 అంగుళాల మందాన పరచండి. తరువాత అప్పుడప్పుడు కొత్తది చల్లుతూ 6 అంగుళాల వరకు పెంచవచ్చును. వారానికి రెండుసార్లు, వానాకాలంలో ప్రతిరోజూ, దంతెతో అడుగు నుండి పైకి తిరగవేయండి. ఇలా తిరగవేస్తే రెట్ట పొట్టులో కలిసిపోయి గాలికి ఆరుతుంది. గుప్పెడు గింజలు పరుపు మీద చల్లితే కోళ్ళే గీకి ఆ పని కొంత చేసిపెడతాయి. తిరగవేసేటప్పుడు కోళ్ళు బయట ఉండవలెను. మీరు ముక్కుకు గుడ్డ కట్టుకొనవలెను.

పరుపు సరిగా ఉన్నదా లేదా తెలుసుకోవడానికి గుప్పెడు తీసి గట్టిగా పిసకండి. విప్పిన తరువాత కూడా ముద్ద ముద్దగానే నిలిచి ఉంటే తడి ఎక్కువ. కొద్దిగా అంటుకొని వెంటనే పొడిపొడిగా విడిపోతే సరిగా ఉన్నది. అసలు అంటుకోకుండా దుమ్ము లేస్తే మరీ పొడి. తడి నూటికి 20 నుండి 25 పాళ్ళు ఉంటే మంచిది. 30 దాటితే అట్ట కడుతుంది. అట్ట కట్టిన చోటును మాత్రం పారతో తీసివేసి, ఆ జాగాలో పొడి పొట్టు వేయవలెను. మొత్తం మార్చవలసిన పని లేదు.

గాలి, చోటు, నీరు

పగలు బయట తిరిగి రాత్రి మాత్రం గూటిలో ఉండే కోడికి 1 నుండి 1½ చదరపు అడుగు చోటు కావలెను. రోజంతా గూటిలోనే ఉండేదానికి 2 నుండి 2½ చదరపు అడుగులు ఉండవలెను. చోటు చాలకపోతే పరుపు ఎంత మంచిదైనా ఆరదు. కోళ్ళను తగ్గించండి, లేదా గూటిని పెంచండి.

గూటి పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి సూటిగా కొట్టదు. గోడ ఒక అడుగు, మించి అడుగున్నర ఎత్తు చాలును. దాని పైన కప్పు వరకు ఇనుప వల బిగించండి. బావురుపిల్లి, ముంగిస దూరకుండా వల కన్నాలు చిన్నవిగా, అంచులు గట్టిగా ఉండవలెను. పిల్లికి భయపడి గాలిని మూసివేయడం మన పాత గూళ్ళలోని పెద్ద లోపం. వల పిల్లిని ఆపుతుంది, గాలిని ఆపదు. అమ్మోనియా గాలికన్నా తేలిక గనుక చూరు క్రింద గాలి పోవడానికి దారి తప్పక ఉండవలెను. నేల చుట్టుప్రక్కల భూమికి కనీసం ఒక అడుగు ఎత్తున ఉండవలెను. చూరు మూడు అడుగులు బయటకు రావలెను. చూరు నీరు పడే చోట చిన్న బోదె తీసి నీటిని దూరంగా మళ్ళించండి.

కోడి రాత్రి చీకటిలో నీరు త్రాగదు. కనుక పగలు బయట తిరిగే పెద్ద కోళ్ళకు గూటిలో నీళ్ళ మూకుడు అక్కరలేదు. పెరట్లో చెట్టు నీడన, రెండు ఇటుకల మీద నీటి తొట్టె పెట్టండి. తొట్టె అంచు కోడి వీపు ఎత్తున ఉంటే నీరు చిందదు.

లోపల పడుకోవడానికి కర్రలు కట్టండి. నేలకు అడుగు నుండి అడుగున్నర ఎత్తులో, ఒక్కొక్క కోడికి 8 అంగుళాల జాగా వచ్చేటట్లు ఉంటే చాలును. వనరాజా వంటి బరువు కోళ్ళకు ఇంతకన్నా ఎత్తు పనికిరాదు. రాత్రి రెట్టలో ఎక్కువ భాగం ఈ కర్రల క్రిందనే పడుతుంది. అక్కడ పాత రేకు గాని పట్టా గాని పరచి, దాని మీద కొంచెం ఊక చల్లి, ప్రతి ఉదయం ఎత్తి ఎరువు గుంటలో వేయండి. ఈ ఐదు నిమిషాల పనితో సగం బాధ తీరుతుంది. ఈగలు కూడా తగ్గుతాయి. వేసవిలో ఈగ గ్రుడ్డు నుండి ఈగ కావడానికి వారం, పది రోజులు చాలును. అంతకు ముందే రెట్టను తీసివేస్తే ఈగకు పుట్టిల్లు ఉండదు.

మందు అనుకొని చేసే పొరపాట్లు

కంపు వచ్చిన వెంటనే చాలామంది సున్నమో బూడిదో చల్లుతారు. ఈ రెండూ కొంత తడిని పీల్చుకొనే మాట నిజమే. కాని రెండూ క్షారగుణము గలవి. అప్పటికే రెట్టలో నిలిచి ఉన్న అమ్మోనియాను అవి ఒక్కసారిగా బయటకు తోస్తాయి. కంపు కొడుతున్న తడి పరుపు మీద సున్నం చల్లి చూడండి, గంటలోపల ఘాటు పెరుగుతుంది. గూడు ఖాళీ చేసి కడిగి ఆరిన తరువాత గోడలకు సున్నం వేయడం మంచిదే. కోళ్ళు ఉండగా తడి రెట్ట మీద చల్లడం మంచిది కాదు.

బ్లీచింగు పొడి ఇంకా ప్రమాదం. అది అమ్మోనియాతో కలిసినప్పుడు ఊపిరితిత్తులను దెబ్బతీసే విషవాయువు పుడుతుంది. రెట్ట ఉన్న చోట దానిని ఎన్నడూ చల్లవద్దు. ఫినాయిలు కంపును పోగొట్టదు. దాని మీద ఇంకొక వాసన కప్పుతుంది, అంతే. పైగా అది నీటితో కలిసి నేలను తడుపుతుంది.

మేతలో, ఆరోగ్యంలో లోపాలు

గూడు పొడిగా ఉన్నా కంపు వస్తుంటే మేతను చూడండి. ఉప్పు ఎక్కువైతే కోడి ఎక్కువ నీరు త్రాగి పలుచగా రెట్ట వేస్తుంది. సముద్ర తీరాన ఉప్పు చేపల పొడి, ఇంట్లో మిగిలిన పచ్చళ్ళ ముద్దలు కోళ్ళకు వేసేవారు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. అవసరానికి మించి మాంసకృత్తులు పెడితే ఒంటికి పట్టని భాగం యూరిక్ ఆమ్లముగా బయటకు వచ్చి కంపును పెంచుతుంది. తినగా మిగిలిన అన్నం, చేపల తలలు సాయంత్రానికి ఎత్తివేయవలెను.

రెట్ట అకస్మాత్తుగా నీళ్ళగా, ఆకుపచ్చగా, రక్తంతో వస్తే అది గూటి లోపం కాదు, రోగం. ఆలస్యం చేయకుండా పశువైద్యునికి చూపండి. చచ్చిన కోడిని కాలువలో గాని దిబ్బ మీద గాని పారవేయవద్దు. ఇంటికి, బావికి దూరంగా మూడు అడుగుల గుంటలో సున్నం చల్లి పూడ్చండి. ఒక్కసారిగా ఎక్కువ కోళ్ళు చనిపోతే మాత్రం చేతితో ముట్టక ముందే పశువైద్యశాలకు కబురు చేయవలెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ బయటపడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

వానాకాలంలో

కష్టమంతా ఆషాఢం నుండి కార్తీకం వరకే. వాన జల్లు కొట్టే వైపు గోనె పట్టాలు గాని ప్లాస్టిక్ పట్టాలు గాని కట్టండి. కాని పైన ఒక అడుగు తప్పక తెరచి ఉంచండి. వాన వెలిసిన వెంటనే పట్టా ఎత్తివేయండి. వానలకు ముందే నాలుగు బస్తాల ఊక తెచ్చి తడవని చోట నిలవ ఉంచుకొనండి. ముసురు పట్టిన తరువాత పొడి ఊక కోసం ఊరంతా తిరిగినా దొరకదు.

గూటిని ఏ దిక్కున కట్టితే పొరుగువారికి గాలి తగలదని కొందరు అడుగుతారు. మన ప్రాంతంలో వానాకాలపు గాలి నైరుతి నుండి, చలికాలపు గాలి ఈశాన్యం నుండి వస్తుంది. కనుక ఏడాది పొడవునా గాలి క్రిందుగా ఉండే దిక్కు లేదు. వంటింటి కిటికీలకు, బావికి వీలైనంత దూరంగా కట్టి, పొడిగా ఉంచుకోవడమే ఉపాయం.

కంపుగా పోయే నత్రజనిని పొలానికి మళ్ళించండి

కోళ్ళ ఎరువులో నూటికి సుమారు 3 పాళ్ళు నత్రజని, 2.6 పాళ్ళు భాస్వరం, 1.4 పాళ్ళు పొటాషు ఉంటాయి. పశువుల ఎరువులో నత్రజని అర పాలు మాత్రమే. అయితే కంపు కొట్టిన గూటి ఎరువులో ఇంత ఉండదు. ఘాటుగా గాలిలో కలిసిన అమ్మోనియా అంతా నత్రజనియే. యూరియా బస్తాకు డబ్బు ఇచ్చి కొని తెచ్చేది కూడా ఈ నత్రజనినే. కనుక కంపును ఆపడమంటే ఎరువును ఆదా చేయడమే.

ఎత్తిన రెట్టను కుప్పగా విడిచిపెట్టవద్దు. నీడన, నీరు నిలవని చోట, ఒక పొర రెట్ట, దాని మీద రెండు మూడింతలు ఎండుగడ్డి, ఎండుటాకులు వేస్తూ రండి. కుప్పలో తడి, పిడికిట పిసికితే వ్రేళ్ళు చెమర్చవలెను గాని నీరు కారరాదు. పదిహేను రోజులకొకసారి తిరగవేసి, పైన మట్టిగాని పట్టాగాని కప్పండి. ఘాటు వస్తుంటే ఎండుగడ్డి తక్కువైనదని అర్థం. కుప్ప పొరల మధ్య పలుచగా సూపర్ ఫాస్ఫేటు చల్లితే నత్రజని నిలుస్తుంది, భాస్వరం కూడా చేరుతుంది. దీనిని కుప్పలోనే వాడండి. కోళ్ళు పొడుచుకు తింటాయి గనుక గూటిలో చల్లవద్దు. కుప్ప చల్లబడి, మట్టి వాసన వచ్చిన తరువాతనే మొక్కలకు వేయండి. పచ్చి రెట్ట మొక్కల వేళ్ళను మాడ్చివేస్తుంది.

గ్రామ ఉద్యోగులకు ఒక మనవి

కోళ్ళ కంపు మీద ఫిర్యాదు వచ్చినప్పుడు వెంటనే గూడు తీసివేయమనవద్దు. నాలుగు కోళ్ళున్న ఇంటిలో గ్రుడ్డు అమ్మిన రూపాయి సాధారణంగా ఇల్లాలి చేతిలోనే ఉంటుంది. దానిని పోగొట్టడం సులువు, తిరిగి తేవడం కష్టం. అలాగని ఫిర్యాదు చేసినవారిని కసురుకోవద్దు. వారి బాధ నిజమైనదే. తెల్లవారుజామున ఇద్దరినీ వెంటబెట్టుకొని గూటి దగ్గరకు వెళ్ళండి. నాలుగు సంగతులు చూడండి. కోడికి చోటు ఎంత? గాలి రెండు వైపులా ఆడుతున్నదా? పరుపును పిసికితే ముద్ద అవుతున్నదా? నీరు ఎక్కడి నుండి లోపలికి వస్తున్నది? లోపం చూపించి పదిహేను రోజుల గడువు ఇవ్వండి. అప్పటికీ మార్పు లేకపోతే ఆలోచించవచ్చును.

ఆ గ్రామంలో కార్యదర్శి ఈ విధంగానే గడువు ఇచ్చారు. గూటి పొడవు గోడలను అడుగున్నర వరకు దించి వల బిగించారు. వెదురు, వలతో ఇంకొక 5 అడుగులు పొడిగించారు. అప్పుడు చోటు 40 చదరపు అడుగులైనది. పది అడుగుల కర్రలు రెండు కట్టారు. ఒక రేకు చేర్చి చూరును ముందుకు తెచ్చారు. మిల్లు నుండి ఊక తెచ్చి పరిచారు. నీళ్ళ మూకుడు మామిడి చెట్టు క్రిందకు మారినది. అన్నిటికన్నా కష్టమైనది ఆమె చేత కడగడం మాన్పించడం. "నేల మీద రెట్ట కనబడుతుంటే కడగకుండా ఎలా ఉండనండీ?" అని మొదటి వారమంతా బాధపడింది.

పదిహేనవ రోజున మళ్ళీ వెళ్ళాను. క్రితం రాత్రి వాన పడింది. పక్క ఇంటి వంటింటి కిటికీ తీసి ఉన్నది. ఆ తరువాత ఆశ్వయుజంలో నాలుగు రోజులు ముసురు పట్టినప్పుడు ఒక కొస తడిసి మళ్ళీ వాసన వచ్చిందట. ఈసారి పెద్దాయన పంచాయతీకి పోలేదు. గోడ మీద నుండి "అమ్మాయ్, పడమటి వైపు తడిసినట్టుంది చూడు" అన్నారట. ఆమె ఆ పూటే తడిసిన పొట్టు ఎత్తివేసి పొడిది వేసింది. వాసన మరునాటికి తగ్గినది.

ఒక్కసారి చేసి ఊరుకుంటే తీరే పని కాదని దీని వలన తెలుసుకొనవలెను. కోడి రోజూ రెట్ట వేస్తుంది. కనుక మనము రోజూ దానిని ఆరనివ్వవలెను. రేపు తెల్లవారుజామున మీ గూటి తలుపు తీసేటప్పుడు కోడి ఎత్తుకు వంగి ఒక్కసారి గాలి పీల్చండి. గుప్పెడు పరుపు తీసి పిసకండి. ముద్ద అయితే బిందెను అక్కడే దించి, ఊక బస్తాను అందుకొనండి.